పాత రైడింగ్ మోవర్ కదలకపోతే గేరుబాక్సు పోయినట్టేనా?

ఎక్కి కూర్చుని నడుపుతూ గడ్డి కోసే రైడింగ్ మోవర్లు బాగుచేసే పనిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది, స్ప్రింగు మారిస్తే నడిచే బండిని గేరుబాక్సు పోయిందనుకుని తుక్కుకి వేసేయడం.

అపోహ: ఇంజిన్ బాగుంది, బ్లేడ్లు తిరుగుతున్నాయి, అయినా బండి కదలట్లేదు, కాబట్టి గేరుబాక్సే పోయింది.

వాస్తవం: బ్లేడ్ల బెల్టు వేరు, చక్రాలకి శక్తినిచ్చే బెల్టు వేరు. హైడ్రోస్టాటిక్ బండి, అంటే గేరుబాక్సులోని పంపు ఆయిల్ ఒత్తిడితో చక్రాలని నడిపే రకం అయితే, నేను ముందు చూసేది వెనకవైపు ఉండే బైపాస్ లివరు. ఇంజిన్ ఆపి బండిని తోసుకెళ్లడానికి దాన్ని వాడతాం, వాహనంలోంచి దింపేటప్పుడు తీసి మళ్లీ యథాస్థానానికి తేవడం మరిచిపోతే పెడల్ ఎంత తొక్కినా బండి కదలదు. తర్వాత బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షన్ పుల్లీ, దాని స్ప్రింగు. పుల్లీ ఉన్న ఆర్మ్ తుప్పుపట్టి బిగుసుకుపోతే కొత్త బెల్టు వేసినా జారుతూనే ఉంటుంది. చివరగా వెనక చక్రాలు. చాలా బండ్లలో ఇరుసుకీ చక్రానికీ మధ్య చిన్న ఇనుప ముక్క, అదే కీ, ఉంటుంది. ఒకవైపు అది తెగినా చాలు, రెండు చక్రాలకీ శక్తిని పంచే డిఫరెన్షియల్ దాన్నంతా ఆ వైపే పంపేస్తుంది, ఇరుసు తిరుగుతుంటే చక్రం మాత్రం అక్కడే ఉంటుంది.

వీటన్నిటినీ తడిమి చూసేముందు ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసేయండి. దయచేసి ఇది మానొద్దు.

అపోహ: జాకీ మీద లేపితే చక్రాలు తిరిగాయి, అంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: బరువు లేనప్పుడు జారే బెల్టు కూడా చక్రాన్ని తిప్పేస్తుంది. అలాగే ఇంజిన్ ఆపి ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరగడం చూసి కంగారుపడతారు, అది లోపం కాదు, డిఫరెన్షియల్ అలాగే పనిచేస్తుంది.

అపోహ: కొనేముందు స్టార్ట్ చేసి అటూ ఇటూ నడిపి చూస్తే చాలు.

వాస్తవం: చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, అరగంటయ్యాక వాలు ఎక్కలేని బండ్లు చాలా చూశాను. వేడికి ఆయిల్ పలచబడితే లోపల అరిగిన పంపు ఒత్తిడి నిలబెట్టలేదు. అందుకే వేడెక్కేదాకా నడిపించి, కాస్త వాలు కూడా ఎక్కించాకే బేరం మాట్లాడండి. అయితే వేడికి బలం తగ్గిన ప్రతి బండిలోనూ పంపు అరిగిందని కాదు, గేరుబాక్సు మీది ఫ్యాన్ రెక్కలు విరిగినా, చుట్టూ గడ్డి మేటవేసినా అది చల్లబడదు. బెల్టు అంచులు గాజులా నునుపెక్కినా ఇలాగే జారుతుంది.

హైడ్రోస్టాటిక్ గేరుబాక్సులో ఆయిల్ మార్చాక బండి కదలకపోతే మాత్రం భయపడకండి. లోపల గాలి చేరి ఉంటుంది. బైపాస్ తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ని ముందుకీ వెనక్కీ నిదానంగా కొన్నిసార్లు తొక్కండి, తర్వాత బైపాస్ మూసి మళ్లీ అలాగే చేయండి. రెండు మూడు విడతలు పట్టొచ్చు.