శెనక్కాయ చేను పైన తిరిగేది ఎవరి ఉపగ్రహం?

కళ్యాణదుర్గం దగ్గర ఏ శెనక్కాయ చేనుకైనా ఈ-క్రాప్ నమోదు (ఏ చేనులో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే లెక్క) చేసేటప్పుడు వ్యవసాయ సహాయకుడు గెనిమ మీద నిలబడి ఫోన్‌తో ఫొటో తీస్తాడు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా దాంతోపాటే ఎక్కుతాయి. రేపు బీమా అన్నా, నష్టపరిహారం అన్నా ముందు చూసేది ఆ నమోదునే. ఫోన్‌కు ఆ చోటు చెప్పేవాటిలో ముఖ్యమైనవి జీపీఎస్ ఉపగ్రహాలు. అవి అమెరికా సైన్యానివి. రీఛార్జ్‌కు డబ్బులు కడతాం గానీ ఈ సిగ్నల్‌కు ఎవరూ పైసా కట్టరు.

2000 మే దాకా పౌరులకిచ్చే ఆ సిగ్నల్‌ను అమెరికా కావాలనే చెడగొట్టి ఇచ్చేది. తేడా 100 మీటర్ల దాకా వచ్చేది. రెండెకరాల చేను ఈ గెనిమ నుంచి ఆ గెనిమకు సుమారు 90 మీటర్లు. అంటే అప్పుడు తీసుంటే మన ఫొటో పక్కవాళ్ల సర్వే నంబర్లో పడేది! ఆ అడ్డు తీసేశాకే క్యాబ్‌లు, డెలివరీ యాప్‌లు దాని మీద బతకగలిగాయి.

ఫొటోల కథ ఇంకోలా నడిచింది. 1972 నుంచి అమెరికా ప్రభుత్వం ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలతో భూమిని ఫొటోలు తీస్తూ వచ్చింది. ప్రైవేటుకిస్తే లాభాల్లోకి వస్తుందని 1984లో చట్టం చేసి, మరుసటి ఏడాది అమ్మకాలను ఎయోశాట్ అనే కంపెనీకి అప్పగించారు. ఒక్కో చిత్రం ధర 4 వేల డాలర్లు దాటింది. పరిశోధకులు కొనడం తగ్గించేశారు. 1992లో ఇంకో చట్టంతో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, 2008లో ధర పూర్తిగా ఎత్తేసింది. వాడకం ఎన్నో రెట్లు పెరిగింది దాని తర్వాతే. తమాషా ఏంటంటే, 90ల్లో మన ఐఆర్ఎస్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలను విదేశాల్లో అమ్మిపెట్టింది కూడా ఆ ఎయోశాటే. మన వైపు నుంచి ఆ బేరం చూసింది ఇస్రో వ్యాపార విభాగంగా 1992లో పుట్టిన యాంట్రిక్స్.

రాకెట్ల విషయంలో మాత్రం ప్రైవేటు లెక్క కుదిరింది. అంతరిక్ష కేంద్రానికి సరుకు చేర్చడానికి నాసా 2006 నుంచి సొంత లారీ కొనడం మానేసి బాడుగకు మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. 2008 డిసెంబరులో స్పేస్ఎక్స్‌కు 12 ట్రిప్పుల సరుకు రవాణాకు 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆ సరుకు మోయాల్సిన ఫాల్కన్ 9 రాకెట్ అప్పటికి ఒక్కసారి కూడా ఎగరలేదు. ఇప్పుడు దాన్ని ప్రైవేటు సాహసం అంటుంటారు. ఆ సాహసంలో ఖజానా వాటా ఎంతో కూడా చెప్పుకుంటే బాగుంటుంది.

మన దగ్గర 1999లో ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ తొలిసారి విదేశీ ఉపగ్రహాలను బాడుగకు మోసింది. 2017 ఫిబ్రవరిలో ఒకే రాకెట్‌లో 104 ఉపగ్రహాలు వెళ్లాయి. అందులో 88 ప్లానెట్ అనే అమెరికా కంపెనీవి. 2020లో కేంద్రం అంతరిక్ష రంగాన్ని ప్రైవేటుకు తెరిచి, అనుమతుల కోసం ఇన్‌స్పేస్ అనే సంస్థను పెట్టింది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబరులో తన తొలి రాకెట్ విక్రమ్-ఎస్‌ను ప్రయోగించింది కూడా ఇస్రో కట్టిన శ్రీహరికోట నుంచే.

2023 అంతరిక్ష విధానం ప్రకారం మన ఇస్రో ఉపగ్రహాలు తీసే చిత్రాల్లో ఐదు మీటర్లు (చిత్రంలో ఒక్కో చుక్కకు నేల మీద ఐదు మీటర్లు), అంతకంటే ముతక స్పష్టత ఉన్నవి అందరికీ ఉచితం. యూరప్ సెంటినెల్-2 చిత్రాలు కూడా ఉచితమే, ఐదు రోజులకోసారి వస్తాయి. కానీ అనంతపురానికి కీలకమైనవి శెనక్కాయ ఊడలు దిగే రోజులు, అంటే కాయ కట్టడానికి పూల కాడలు నేలలోకి దిగే రోజులు. అప్పుడు పది పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే పంట పోయినట్టే. చినుకు రాల్చని మబ్బు కూడా ఇలా ఫొటోలు తీసే ఉపగ్రహానికి అడ్డే కాబట్టి, సరిగ్గా ఆ రోజుల ఉచిత చిత్రం దొరకకపోవచ్చు.

ప్లానెట్ అయితే నేలనంతా దాదాపు రోజూ ఫొటో తీస్తుంది, మబ్బు తొలగిన ఒక్క రోజైనా దానికి చిక్కే అవకాశం ఎక్కువ. అది డబ్బులకే. కావాలంటే బీమా కంపెనీ కొనుక్కోగలదు. రైతు దగ్గరున్నది గెనిమ మీద తీసిన ఆ ఒక్క ఫొటో.