గట్టు మీది ఆదొండ

రామతీర్థం కొండల దిగువన మా పొలం గట్టు మీద ఒక ఆదొండ తుప్ప ఉంది. చిన్నప్పుడు దాని ముల్లు నా తువ్వాలు పట్టుకుంటే గుంజేశాను, తువ్వాలు చిరిగిపోయింది. "లాగకు నాయనా, ఎదరికి ఒక అడుగేసి వదిలించుకో" అన్నాడు చిన్నాన్న. ఆకు మొదట్లో జంటగా ఉండే ఆ ముళ్లు కొక్కేల్లా వెనక్కి వంగి ఉంటాయి. పక్క చెట్టును పట్టుకుని ఎగబాకడానికి ఆదొండకు అవే చేతులు.

1762లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి కప్పారిస్ జైలానికా అని శాస్త్రీయ నామం పెట్టాడు. శివరాత్రి దాటాక పూత చూడాలి. నాలుగు తెల్లటి రేకులు, చిమ్మినట్టు పొడవాటి కేసరాలు. వాడేకొద్దీ అవి ఎర్రబారతాయి కాబట్టి ఒకే కొమ్మ మీద రెండు రంగులూ కనిపిస్తాయి. ఒక పువ్వు తుంచి చూడండి: మధ్యలో సన్నటి కాడ, దాని కొసన చిన్న ఆకుపచ్చ బొడిపె. అదే అండాశయం, రేపు కాయయ్యేది. చాలా పూలలో అది అడుగున ఉంటుంది, ఇక్కడ కాడెక్కి కూర్చుంది. కాయ ఊరేకొద్దీ ఆ కాడా లావెక్కి బరువు మోస్తుంది. పండితే ఎర్రటి గుండ్రటి పండు, లోపల తెల్లటి గుజ్జులో గింజలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆకులోని సంగతి. ఆవాలు ఊరికే నోట్లో వేసుకుంటే ఘాటుండదు. నీళ్లతో నూరితేనే ముక్కుకెక్కుతుంది. విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు అప్పుడే కలుస్తాయి మరి. ఆదొండ ఆకులోనూ ఇదే ఏర్పాటు. పురుగు కొరికితే ఘాటు పుడుతుంది, చాలా పురుగులు దూరంగా పోతాయి. కొన్ని తెల్ల, పసుపు సీతాకోకచిలుకల పిల్లలకు మాత్రం ఆ విషాన్ని విరిచేసే శక్తి ఉంది. తల్లి ఆ ఘాటుకు మూలమైన పదార్థాన్నే ఆనవాలు పట్టి ఇక్కడ గుడ్డు పెడుతుంది.

రెక్కల కొసన నారింజ మరకుండే గ్రేట్ ఆరెంజ్ టిప్ వాటిలో ఒకటి. దాని గొంగళిపురుగును పుల్లతో తాకితే ముందుభాగం ఉబ్బించి పైకి లేస్తుంది, అచ్చం పసిరిక పాము పిల్లే! మొదటిసారి నేను నిజంగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మొన్న గట్టు చదును చేయడానికి పొక్లెయిన్ వచ్చింది. తుప్ప మీద ఆరు పురుగులు లెక్కపెట్టి చిన్నాన్నకు చూపించాను. పొక్లెయిన్‌ను అవతల నుంచి తిప్పమన్నాడు.