స్పోర్టీ లగ్జరీ సెడాన్లలో మాన్యువల్ ఎందుకు దొరకదు? అపోహలు – వాస్తవాలు

నేను గేర్‌బాక్స్ కాలిబ్రేషన్ పని చేస్తాను. ఏ గేరు ఎప్పుడు పడాలి, ఎంత మెత్తగా పడాలి, ఆ క్షణంలో ఇంజిన్ ఎంత తగ్గాలి అన్న లెక్కల్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయడమే మా పని. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఎవరు కలిసినా ఒకటే గొడవ: "అంత డబ్బు పోసి కొనే కారుకి ఒక క్లచ్ పెడల్ ఇవ్వడానికి వీళ్లకేం రోగం?" అని. కారణాలు కూడా వాళ్లే చెప్పేస్తుంటారు. వాటిలో అర్ధసత్యాలే ఎక్కువ.

అపోహ: అంత టార్క్‌ని (ఇంజిన్ తిప్పే బలాన్ని) మాన్యువల్ గేర్‌బాక్స్ తట్టుకోలేదు.

తట్టుకుంటుంది. 2022 మోడల్‌గా అమెరికాలో వచ్చిన కాడిలాక్ సీటీ5-వి బ్లాక్‌వింగ్ చూడండి. 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వి8, 668 హార్స్‌పవర్, దాదాపు 890 న్యూటన్ మీటర్ల టార్క్. దానికి ట్రెమెక్ కంపెనీ 6 స్పీడ్ మాన్యువల్ మామూలుగానే వస్తుంది, 10 స్పీడ్ ఆటోమేటిక్ కావాలంటేనే అదనంగా డబ్బు కట్టాలి. కాబట్టి ఇది అసాధ్యం కాదు.

మరి బీఎండబ్ల్యూ ఎం3లో మాన్యువల్ వెర్షన్‌కి 550 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌తో వచ్చే కాంపిటీషన్ వెర్షన్‌కి 650 ఎందుకు? ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆటోమేటిక్‌లో గేరు మారేటప్పుడు గేర్‌బాక్స్ కంప్యూటర్ ఇంజిన్‌తో మాట్లాడుతుంది. "కాసేపు తగ్గు" అంటే ఇంజిన్ ఆ కొన్ని మిల్లీసెకన్లు తగ్గుతుంది. లోపల ఒక క్లచ్ ప్యాక్ వదులుతూ ఉంటే ఇంకోటి పట్టుకుంటుంది. ఏ గేరు మీద ఎప్పుడు ఎంత బరువు పడుతుందో మాకు ముందే తెలుసు, కాబట్టి విడిభాగాల్ని ఆ లెక్కకి తగ్గట్టే చేయొచ్చు. మాన్యువల్‌లో ఆ నిర్ణయం డ్రైవర్ ఎడమ కాలిది. సిగ్నల్ దగ్గర 5000 ఆర్‌పీఎం మీద క్లచ్‌ని టక్కున వదిలేసేవాడు ఒకడు, కిలోమీటర్ల తరబడి హాఫ్ క్లచ్ మీదే లాగించేవాడు ఇంకొకడు. గేర్‌బాక్స్ ఇద్దరి చేతుల్లోనూ వారంటీ అయిపోయేదాకా బతకాలి. అందుకే పళ్లు లావుగా, షాఫ్టులు బలంగా, క్లచ్ గట్టిగా చేయాలి. క్లచ్ గట్టిపడితే పెడల్ బరువెక్కుతుంది. లగ్జరీ కారు కొన్నవాడు రోజూ ట్రాఫిక్‌లో ఆ పెడల్‌తో కుస్తీ పట్టడు కదా. అంత తంటా పడే బదులు మాన్యువల్‌కి టార్క్ కాస్త తగ్గించి ఇవ్వడం కంపెనీకి తేలిక.

ఇంకో భయం కూడా ఉంది, దాన్ని 'మనీ షిఫ్ట్' అంటారు. ఉదాహరణకి ఒక బండిలో 2వ గేరు నిష్పత్తి (గేర్‌బాక్స్ బయటి షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఇంజిన్ తిరిగే చుట్లు) 2.3, 3వ గేరుది 1.5 అనుకుందాం. 3వ గేరులో 7000 ఆర్‌పీఎం దాకా లాగి 4 వేయబోయారు. గేర్ రాడ్ మీద 4 పక్కనే 2 ఉంటుంది. చేయి కాస్త ఎడమకి పోయింది, 2 పడింది, క్లచ్ వదిలారు. ఇప్పుడు చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి: 7000ని 2.3తో హెచ్చించి 1.5తో భాగిస్తే 10,700 దాటుతుంది. ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ ఆపగలిగేది ఇంధనాన్నే, చక్రాల్ని కాదు. వాల్వులు వెళ్లి పిస్టన్లకి తగులుతాయి, ఇంజిన్ పోతుంది. అదే పొరపాటు ఆటోమేటిక్‌లో ప్యాడిల్‌తో చేయబోతే కంప్యూటర్ ఒప్పుకోదు, అంతే. పోర్షే లాంటి కార్లలో ఇలా హద్దు దాటిన లెక్క ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లో నమోదై ఉంటుంది. పాత మాన్యువల్ కారు కొనేవాళ్లు పెయింట్ కంటే ముందు అది చూపించమని అడగాలి.

అపోహ: మాన్యువల్ చవక కాబట్టి పెడితే కంపెనీకే లాభం.

గేర్‌బాక్స్ విడిగా చూస్తే చవకే. కారులో బిగించేసరికి కాదు. చిన్న కార్లలో మాన్యువల్ చవక ఎందుకంటే లక్షల బళ్లు దాంతోనే అమ్ముడవుతాయి. ఐదు వందల హార్స్‌పవర్ సెడాన్‌లో మాన్యువల్ పెట్టడమంటే దాదాపు ఇంకో కారు తయారు చేసినట్టే.

క్లచ్ మాస్టర్ సిలిండర్ పెట్టడానికి ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడలో (ఫైర్‌వాల్) చోటు కావాలి. పెడల్ బాక్స్ వేరు. అదీ ఎడమ స్టీరింగ్‌కి ఒకటి, మన లాంటి కుడి స్టీరింగ్ దేశాలకి ఒకటి. గేర్ రాడ్ ఉంటే సెంటర్ కన్సోల్ మారుతుంది. ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించని పని మాది. ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి జత మారిందంటే పొల్యూషన్ కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి, చెక్ ఇంజిన్ లైటు ఎప్పుడు వెలగాలో మళ్లీ చూడాలి, ట్రాక్షన్ కంట్రోల్ మళ్లీ, క్రూజ్ కంట్రోల్ మళ్లీ. చలికి స్వీడన్ ఉత్తరాన ఆర్యెప్లూగ్ చుట్టుపక్కల గడ్డకట్టిన సరస్సుల మీదికి, వేడికి ఎడారికి, పల్చటి గాలికి కొండల మీదికి ప్రోటోటైపుల్ని పట్టుకుపోవాలి. ఆ తర్వాత సర్టిఫికేషన్. మొత్తం ఖర్చుని లక్ష కార్లకి పంచితే లెక్కలోకే రాదు, వెయ్యి కార్లకి పంచితే ఒక్కో కారు మీద మోపెడవుతుంది. ఫైనాన్స్ వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని అమ్ముతారు?

అపోహ: అడిగేవాళ్లు బోలెడు మంది ఉన్నా కంపెనీలే వినిపించుకోవు.

విన్నాయి. బీఎండబ్ల్యూ ఎం5 కథే దీనికి సాక్ష్యం. 1998లో వచ్చిన ఈ39 (ఒక్కో తరానికి కంపెనీ పెట్టే కోడ్ ఇది) ఎం5లో 6 స్పీడ్ మాన్యువల్ ఒక్కటే ఉండేది, ఆటోమేటిక్ అడిగినా ఇచ్చేవాళ్లు కాదు. 2005 నాటి ఈ60 ఎం5కి 5 లీటర్ల వి10 ఇంజిన్, దాంతో క్లచ్ పెడల్ లేని 7 స్పీడ్ ఎస్‌ఎంజీ గేర్‌బాక్స్ వచ్చాయి. అమెరికా అభిమానులు గోల పెడితే 2007 మోడల్‌కి ఉత్తర అమెరికా కోసమే మాన్యువల్ తయారు చేశారు. ఆ తర్వాతి ఎఫ్10కి ప్రపంచమంతా రెండు క్లచ్‌లతో తనంతట తానే గేరు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఇచ్చి, మళ్లీ ఉత్తర అమెరికాకే మాన్యువల్ ఇచ్చారు. అంటే ఒక్క ఖండం కోసం రెండు తరాల పాటు ఇంత తంతూ నడిపారు. 2017లో వచ్చిన ఎఫ్90కి మాత్రం ఎక్కడా ఇవ్వలేదు, 8 స్పీడ్ ఆటోమేటిక్ ఒక్కటే.

అడిగినవాళ్లు అబద్ధం చెప్పారని నేననను. కానీ కొత్త కారు ఆర్డర్ ఇచ్చేవాళ్లు వేరు, అడిగేవాళ్లు వేరు. అమెరికాలో లగ్జరీ సెడాన్లు చాలావరకు మూడేళ్ల లీజు మీద పోతాయి. లీజుకి తీసుకునేవాడు ఆఫీసుకి వెళ్లొచ్చేవాడు. డీలర్ కూడా త్వరగా కదిలే బండినే స్టాకులో పెట్టుకుంటాడు. మాన్యువల్ కావాలని నిజంగా తపించేవాడు తరచుగా ఆ కారుని మూడు, నాలుగేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడే. కంపెనీ లెక్కల పుస్తకంలో అతనికి చోటు లేదు. నాకు అతని మీద జాలి ఉంది, నేనూ ఆ బాపతే. కానీ లెక్క లెక్కే. ఆడీ ఏ4, జెనెసిస్ జీ70 అమెరికాలో మాన్యువల్ ఆపేయడానికి వెనక ఉన్నదీ కొనేవాళ్లు లేకపోవడమే. 1980లో అక్కడ తయారైన కొత్త బళ్లలో మూడో వంతు దాకా మాన్యువల్ ఉండేవి, ఇప్పుడు ఒకటి రెండు శాతం దగ్గర ఆడుతున్నాయి.

అపోహ: మాన్యువల్‌కి మైలేజీ ఎక్కువ.

నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ల కాలంలో నూటికి నూరుపాళ్లు నిజం. అప్పట్లో ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి ద్రవంతో కలిపే టార్క్ కన్వర్టర్ ఎప్పుడూ కాస్త జారుతూనే ఉండేది. ఇప్పుడు బండి కదిలిన కాసేపటికే అది లాక్ అయిపోతుంది. చాలా స్పోర్టీ సెడాన్లలో ఉండే జెడ్‌ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ ఆటోమేటిక్, 8హెచ్‌పీని తీసుకోండి. దాని తొలి తరంలో మొదటి గేరు నిష్పత్తి 4.7, ఎనిమిదోది 0.67. అంటే రెండింటి మధ్య ఏడు రెట్ల దూరం, 6 స్పీడ్ మాన్యువల్‌లో అది ఐదు రెట్లకి అటూ ఇటూగా ఉంటుంది. హైవే మీద ఇంజిన్ మరింత నెమ్మదిగా తిరిగితే పెట్రోలు మిగలదా మరి? లోపల ఐదు క్లచ్, బ్రేక్ ప్యాకులు ఉంటే ఏ గేరులోనైనా మూడు పట్టుకునే ఉంటాయి, రెండే ఖాళీగా తిరుగుతాయి. అందుకే రాపిడి నష్టం కూడా తక్కువ.

యూరప్‌లో దీనికి డబ్బు రూపంలో కూడా విలువ ఉంది. కంపెనీ అమ్మిన కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ తన హద్దు దాటితే ఒక్కో గ్రాముకి, ఒక్కో కారుకి 95 యూరోల చొప్పున జరిమానా. గ్రాములు పెంచే వెర్షన్‌ని ఎవరు ముద్దు చేస్తారు?

అపోహ: ఆల్ వీల్ డ్రైవ్‌తో, హైబ్రిడ్‌తో మాన్యువల్ కుదరదు.

కుదురుతుంది. ఆడీ ఆర్‌ఎస్4 బీ7కి క్వాట్రోతో (ఆడీ ఆల్ వీల్ డ్రైవ్ పేరు) పాటు మాన్యువల్ ఒక్కటే ఉండేది. హోండా సీఆర్-జెడ్ మాన్యువల్‌తో వచ్చిన హైబ్రిడ్. కాకపోతే ఇప్పటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్లలో కరెంటు మోటారు గేర్‌బాక్స్ లోపలే కూర్చుంటుంది. ఇంజిన్ ఆగి, మోటారు లాగి, మళ్లీ ఇంజిన్ అందుకునే ఆట సెకనుకి ఎన్నోసార్లు లెక్కలు వేసుకునే కంప్యూటర్‌కే సాధ్యం. అందులో క్లచ్ మీ కాలికింద పెట్టి అంతా సాఫీగా నడపమంటే మా టీమ్ మొత్తం సెలవు పెట్టేస్తుంది.

అపోహ: ఆటోమేటిక్ నిదానం, డ్రైవింగ్ సరిగ్గా రానివాళ్ల కోసం.

బీఎండబ్ల్యూ చెప్పిన లెక్కల ప్రకారమే ఎం3 గంటకి 60 మైళ్లు అందుకోవడానికి మాన్యువల్‌కి 4.1 సెకన్లు, ఆటోమేటిక్ కాంపిటీషన్‌కి 3.8. మాన్యువల్ ఇచ్చేది వేగం కాదు, చేతికీ కాలికీ పని. అది కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని వేగం పేరుతో సమర్థించుకుంటేనే ఇబ్బంది.

అపోహ: ఇండియాలో అందరూ మాన్యువలే నడుపుతారు, ఇక్కడైనా ఇవ్వొచ్చు.

చవక కార్లలో ఆ మాట చెల్లుతుంది. మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే 2004 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బో 5 స్పీడ్ మాన్యువల్‌తోనే వచ్చింది. అదే పేరు 2017లో తిరిగొచ్చినప్పుడు డీఎస్‌జీ అనే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ ఒక్కటే. చెన్నైలో అసెంబుల్ అయ్యే బీఎండబ్ల్యూ ఎం340ఐకి కూడా 8 స్పీడ్ ఆటోమేటిక్ తప్ప వేరేది లేదు. మాన్యువల్ కావాలంటే దాన్ని కుడి స్టీరింగ్‌కి చేసి, ఇక్కడి పెట్రోలుకీ ఎండకీ పరీక్షించి, మన ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల దగ్గర వేరే వేరియంట్‌గా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అంతా అయ్యాక ఆ ధర పెట్టగలిగినవాడు బంజారాహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా సాయంత్రం ఆరింటికి ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ ఫస్ట్ గేరు వేసుకుంటూ వెళ్లడానికి సిద్ధపడాలి. ఇంకొందరైతే డ్రైవర్‌ని పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటారు.