కడప బండల మీద కిర్రుమనే సొరుగు

అనంతపురంలో మా ఇంటి డ్రస్సింగ్ టేబుల్ అమ్మ పెళ్లినాటిది, టేకుతో చేసింది. పై సొరుగులో అమ్మ రాత్రి వేసుకునే మాత్రలు ఉంటాయి. పదకొండు దాటాక ఆ సొరుగు లాగితే పక్క గదిలో పసిపాప ఉలిక్కిపడి లేస్తుంది. పగలు అదే సొరుగు ఎన్నిసార్లు తీసినా ఎవరూ తలెత్తి చూడరు. వీధి రొద కప్పేసిన చప్పుడు ఊరు సద్దుమణిగాక బయటపడుతుంది.

కిర్రుమనగానే చాలామంది నూనె సీసా అందుకుంటారు. చెక్క మీద నూనె పోయడం తప్పు. చెక్క దాన్ని పీల్చుకుంటుంది, పైన మిగిలిన జిడ్డుకు దుమ్ము పట్టి జిగటగా మారుతుంది, కొన్నాళ్లకు సొరుగు మునుపటికన్నా మొండికేస్తుంది. చప్పుడు ఎక్కడ పుడుతోందో ముందు చెవి పెట్టి వినాలి.

కదలని వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదిలాక దాన్ని జరుపుతూ ఉండడానికి కావలసిన బలంకన్నా ఎక్కువ. మొదటిదాన్ని ఎదిరించేది స్థైతిక ఘర్షణ, రెండోదాన్ని ఎదిరించేది గతిక ఘర్షణ. సొరుగును మెల్లగా లాగినప్పుడు దాని అంచు, కింద అది జారే చెక్క పట్టాకు అతుక్కుని ఆగుతుంది. చెక్క కాస్త వంగి స్ప్రింగులా బిగుసుకుంటుంది. బిగువు హద్దు దాటగానే ఒక్క ఉదుటున జారుతుంది, జారగానే బిగువు సడలి మళ్లీ అతుక్కుంటుంది. ఇది సెకనుకు వందల సార్లు జరిగితే మనకు వినిపించేది కిర్రు.

వయొలిన్ తీగ మీద కమాను చేసే పని కూడా ఇదే. చిన్ననాటి చదువు విశాఖపట్నంలో సాగించిన సి.వి. రామన్ కలకత్తాలో ఉండగా, కమాను కింద తీగ ఎలా కంపిస్తుందో గణితంతో వివరిస్తూ 1918లో పెద్ద గ్రంథమే వెలువరించారు. కచేరీకి ముందు విద్వాంసులు కమానుకు రోజిన్ అనే గట్టిపడిన చెట్టు బంక రుద్దుతారు. తీగను గట్టిగా పట్టి వదలాలంటే ఆ రెండు ఘర్షణల మధ్య తేడా పెరగాలి. మన సొరుగుకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఆ తేడా తగ్గాలి. అందుకే కొవ్వొత్తి. సొరుగును పూర్తిగా బయటికి తీసి చూస్తే, ఒరుసుకున్న చోట చెక్క నున్నగా మెరుస్తుంటుంది. అక్కడ ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, తెల్ల కొవ్వొత్తిని గట్టిగా రాయాలి. చెక్కకూ చెక్కకూ మధ్య పలచని మైనపు పొర నిలుస్తుంది. సబ్బు కూడా పనిచేస్తుంది గానీ తేమను పీలుస్తుంది కాబట్టి నేను కొవ్వొత్తికే ఓటు వేస్తాను. ఇనుప ఛానెళ్లున్న సొరుగులకు మాత్రం మైనం అక్కరలేదు, దుమ్ము తుడిచి బేరింగులకు కాస్త గ్రీజు పెడితే చాలు.

మా జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ బాగా తగ్గి చెక్క ముడుచుకుంటుంది, సెప్టెంబరు వానలకు ఉబ్బుతుంది. పోగుల పొడవునా దాదాపు మార్పుండదు, ఉబ్బేదంతా అడ్డంగానే. వానల్లో బిగిసిందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తే, వేసవికి ఆ సొరుగు వదులై దడదడలాడుతుంది. నెల రోజులు ఓపిక పట్టడం మంచిది.

మైనం రాశాక కూడా మా సొరుగు ఒక మూల కిర్రుమంటూనే ఉంది. కారణం కింద దొరికింది. మా ఇంటి నేల పాతకాలపు కడప బండలది, ఒక బండ ఎత్తు, పక్కది పల్లం. నాలుగు కాళ్లలో ఒకటి సరిగా ఆనక చట్రం మొత్తం ఓరగా మెలి తిరిగింది. సొరుగు చుట్టూ సందు ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా కనిపిస్తే ఇదే జబ్బు. మడిచిన అట్టముక్క ఆ కాలి కింద పెట్టగానే సగం గోల తగ్గింది. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇదే.

వెడల్పు సొరుగును ఒక పక్క పిడి పట్టి లాగినా ఇలాంటి మెలికే పడుతుంది. లోతు 40 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం (నొక్కే బలంలో ఒరిపిడి ఎన్నో వంతో చెప్పే సంఖ్య) 0.4 అనుకుందాం. నడిమికి 25 సెంటీమీటర్ల పక్కన పట్టుకుని లాగితే, మన బలంలో సగం ఎదురెదురు మూలల ఒరిపిడికే పోతుంది. రెండు పిడులూ పట్టుకుని లాగితే ఆ ఒరిపిడే ఉండదు.

ఇక మూసేటప్పుడు వచ్చే టప్పుమనే దెబ్బ. తంబురాకు బుర్ర ఎలాగో, ఆ దెబ్బకు డ్రస్సింగ్ టేబుల్ పెట్టె అలాగ: అందులోని పలచని చెక్కలు కంపించి చప్పుడును పెంచుతాయి. అడుగున పాత దుప్పటి ముక్క పరిస్తే ఆ కంపనం కొంత అణుగుతుంది. అసలు దెబ్బను మెత్తబరచాలంటే సొరుగు ఆగే దూరం పెంచాలి. చెక్కకు తగిలి అర మిల్లీమీటరులో ఆగేది రబ్బరు మీద ఐదు మిల్లీమీటర్లు నొక్కుకుని ఆగితే, సగటు బలం పదో వంతుకు పడిపోతుంది. పాత సైకిల్ ట్యూబును నాలుగైదు పొరలుగా మడిచి, పంక్చర్లకు వాడే సొల్యూషన్‌తో వెనక రెండు మూలల్లోనూ అతికించాను. ఒక రాత్రి ఆరనిచ్చాక సొరుగు మూసి చూస్తే, దిండు మీద చెయ్యి వేసినంత చప్పుడే వచ్చింది.