కోల్ ఇండియాతో తలపడ్డ దాత: క్రిస్ హోన్ డబ్బు వెనుక కథ

2012లో లండన్‌కు చెందిన ఒక హెడ్జ్ ఫండ్ (సంపన్నుల, సంస్థల సొమ్మును మదుపు చేసే సంస్థ) మన కోల్ ఇండియా డైరెక్టర్ల మీద కోర్టుకెక్కింది. బొగ్గును మార్కెట్ ధర కంటే బాగా తక్కువకు అమ్ముతూ చిన్న వాటాదారులకు నష్టం చేస్తున్నారన్నది ఫిర్యాదు. ఆ ఫండ్ పేరు ద చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్, క్లుప్తంగా టీసీఐ. దాన్ని పెట్టిన క్రిస్ హోన్ ఈ రోజు పర్యావరణ ఉద్యమాలకు పెద్ద ఎత్తున డబ్బిస్తున్న దాతల్లో ఒకరు. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేశారో తెలియాలంటే ఆ ఫండ్ ఎలా పుట్టిందో చూడాలి.

హోన్ తండ్రి జమైకా నుంచి ఇంగ్లండ్ వచ్చిన కార్ల మెకానిక్. హోన్ సౌతాంప్టన్‌లోనూ, తర్వాత హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లోనూ చదివారు. అక్కడే జేమీ కూపర్‌ను కలిశారు, పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ కలిసి 2002లో పేద దేశాల పిల్లల కోసం సిఫ్ (చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్) అనే దాతృత్వ సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది హోన్ టీసీఐ మొదలుపెట్టారు. మదుపరుల సొమ్ములో ఏటా 0.5 శాతం ఫౌండేషన్‌కు చేరేలా ముందే ఒప్పందం రాసుకున్నారు. సంపాదించాక దానం చేయడం మామూలే. సంపాదన మొదలవకముందే దానానికి వాటా కట్టడం అరుదు, నాకు ఆయనలో నచ్చేది అదే.

కానీ ఆ సంపాదన మెత్తగా జరగలేదు. హోన్ పద్ధతి ఏమిటంటే, ఒక కంపెనీలో కొద్ది వాటా కొని, యాజమాన్యం మెడ మీద కూర్చోవడం. 2005లో జర్మనీ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ సంస్థ డాయిష్ బోర్సె లండన్ ఎక్స్‌ఛేంజ్‌ను కొనబోతే అడ్డుపడ్డారు. ఆ బేరం పోయింది, డాయిష్ బోర్సె అధిపతి వెర్నర్ సైఫర్ట్ పదవీ పోయింది. 2007లో డచ్ బ్యాంకు ఏబీఎన్ ఆమ్రోలో ఒక శాతానికి కాస్త పైన వాటాతో, బ్యాంకును ముక్కలు చేయండి లేదా అమ్మేయండి అని బహిరంగ లేఖ రాశారు. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ మరో రెండు బ్యాంకులతో కలిసి దాన్ని సుమారు 7,100 కోట్ల యూరోలకు కొంది. ఏడాది తిరిగేసరికి ఆ స్కాట్లండ్ బ్యాంకే కుప్పకూలి బ్రిటన్ ప్రజల పన్నుల సొమ్ముతో బతికింది. కొన్నవాళ్ల తప్పుకు హోన్‌ను బాధ్యుణ్ని చేయలేం. అయినా ఆ అమ్మకానికి తోసింది ఆయన లేఖే అన్నది మర్చిపోకూడదు. (తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన రిషి సునాక్ అప్పట్లో టీసీఐలోనే పనిచేసేవారు.)

ప్రభుత్వాల దగ్గర మాత్రం ఈ పద్ధతి పారలేదు. 2008లో జపాన్ విద్యుత్ కంపెనీ జె-పవర్‌లో వాటా పెంచుకుంటామంటే అక్కడి ప్రభుత్వం కుదరదంది. కోల్ ఇండియా కథా అంతే. 2010లో కోల్ ఇండియా తొలిసారి షేర్లు జనానికి అమ్మిన (ఐపీఓ) తర్వాత టీసీఐ చేతిలో ఉన్నది ఒక శాతం, కేంద్రం చేతిలో 90 శాతం. బొగ్గు ధర పెరిగితే కరెంటు బిల్లు పెరుగుతుంది. అందుకే కేంద్రం ఆ ధరను వ్యాపార లెక్కగా మాత్రమే ఎప్పుడూ చూడలేదు. వాటాదారుడిగా హోన్ వాదనలో బలం ఉంది. ప్రజలకు షేర్లు అమ్మిన కంపెనీ వాళ్లకు జవాబు చెప్పాలి. కానీ పేద ఇళ్లలో వెలిగే బల్బు సంగతి ఆ వాదనలో ఎక్కడా లేదు. చివరికి 2014లో టీసీఐ తన షేర్లు అమ్మేసి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే సిఫ్ డబ్బు మన దేశంలో బడిపిల్లల నులిపురుగుల నివారణకు ఖర్చయింది. 2015లో జాతీయ కార్యక్రమం మొదలైంది. బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు మింగించే ఆ పనికి సాంకేతిక సాయం చేసిన సంస్థలకు సిఫ్ నిధులిచ్చింది. చవకైన మందు, పెద్ద ఫలితం. ఇలాంటి పనికి డబ్బు పెట్టడం మంచి ఎంపిక.

తర్వాత హోన్ దృష్టి వాతావరణ మార్పు మీదికి మళ్లింది. 2020లో బొగ్గు ప్లాంట్లకు అప్పులివ్వడం మానాలని బ్రిటన్ పెద్ద బ్యాంకుల మీద ఒత్తిడి తెచ్చారు. అదే ఏడాది స్పెయిన్ విమానాశ్రయాల కంపెనీ ఏనా చేత కర్బన ఉద్గారాలు తగ్గించే ప్రణాళికను ఏటా వాటాదారుల ఓటుకు పెట్టేలా ఒప్పించారు. లక్ష్యం మారింది, పద్ధతి మారలేదు. వాటా కొను, లేఖ రాయి, ఓటు అడుగు.

ఈలోగా ఇంట్లో విడాకులు. 2014లో లండన్ కోర్టు జేమీకి సుమారు 33.7 కోట్ల పౌండ్లు ఇప్పించింది. అసలు చిక్కు ఫౌండేషన్ దగ్గర వచ్చింది. ఆమె సిఫ్ నుంచి తప్పుకొనేలా, బదులుగా ఆమె కొత్త సంస్థకు 36 కోట్ల డాలర్లు వెళ్లేలా ఒప్పందం కుదిరింది. ఆ చెల్లింపుకు సిఫ్ సభ్యుల ఓటు కావాలి. ఓటేయాల్సిన సభ్యుడొకరు అడ్డం తిరగడంతో వ్యవహారం బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయింది. సిఫ్‌లాంటి సంస్థలో సభ్యుడికి సంస్థ మేలు చూసే ధర్మకర్త బాధ్యతే ఉంటుందని, ఇష్టమొచ్చినట్టు ఓటేసే హక్కు లేదని 2020 జులైలో ఆ కోర్టు తేల్చింది. ఆ గ్రాంటుకు ఓటేయమని అతణ్ని ఆదేశించింది. దాతల ఇంటి గొడవలో మొదలైన ఆ కేసును ఇప్పుడు ఇంగ్లండ్ లాయర్లు చారిటీ చట్టంలో కీలక తీర్పుగా చెప్పుకుంటున్నారు.