అబోరిజినల్ కళా ప్రదర్శనలు: అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు ఉత్తర భాగంలో, ఆ దేశపు ఆదివాసులైన అబోరిజినల్ జనాల్లో ఒకరైన యోర్టా యోర్టా ప్రజల నేలమీద ప్రదర్శనలు ఏర్పాటు చేయడం నా వృత్తి. వచ్చిన చిత్రాలను, బుట్టలను పెట్టెల్లోంచి తీసి పరీక్షించడం, వాటి పక్కన ఉంచే వివరణలను కళాకారుల కుటుంబాలకు చూపించి ఒప్పుకున్నాకే అచ్చు వేయించడం నా పనిలో పెద్ద భాగం. మెల్‌బోర్న్ నుంచి వచ్చే తెలుగు కుటుంబాలతో మాట్లాడుతున్నప్పుడు కొన్ని అభిప్రాయాలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. వాటికి నాలుగు మాటల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు తృప్తినివ్వదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అబోరిజినల్ కళ అంటే చుక్కల బొమ్మలు.

చుక్కలు మధ్య ఎడారి ప్రజలవి. నేలమీద తీర్చే ఆకృతుల్లో, క్రతువుల్లో ఒంటికి వేసుకునే రంగుల్లో అవి ముందునుంచీ ఉన్నాయి. మనకు తెలిసిన చుక్కల చిత్రాల ఉద్యమం మాత్రం 1971లో, మధ్య ఆస్ట్రేలియా పట్టణమైన ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యంగా దాదాపు 240 కిలోమీటర్ల దూరంలోని పాపున్యా అనే అబోరిజినల్ ఊళ్లో మొదలైంది. అక్కడి బడి గోడమీద పెద్దలు తేనెచీమ గాథను, అంటే తమ నేలకు చెందిన పూర్వీకుల కథను, చిత్రించారు. బడిలో బొమ్మలు నేర్పే జెఫ్రీ బార్డన్ వారికి అండగా నిలిచాడు. మరుసటి ఏడాదే ఆ చిత్రకారులు పాపున్యా తులా ఆర్టిస్ట్స్ అనే సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. నేటికీ దాని యజమానులు అబోరిజినల్ ప్రజలే.

తొలినాళ్లలో వారు పలకలమీద వేసిన చిత్రాల్లో కొన్నింటిలో, దీక్ష పొందినవారు మాత్రమే చూడదగ్గ చిహ్నాలు బాహాటంగా కనిపించాయి. చుట్టుపక్కల సముదాయాల పెద్దలు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత చిత్రకారులు అలాంటి చిహ్నాలను వదిలేయడమో, చుక్కల పొరల కింద దాచడమో చేశారు. అందమైన అలంకారమని మనం మెచ్చుకునే చుక్కలు చాలాచోట్ల ఒక తెర అన్నమాట. ఈ సంగతి తెలిశాక ఆ చిత్రాలను నేను చూసే చూపే మారిపోయింది.

ఎడారి దాటితే దృశ్యం వేరు. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో యూకలిప్టస్ బెరడును వానకాలంలో ఒలిచి, నిప్పుమీద కాచి, బరువులు పెట్టి చదును చేసి, వెంట్రుకల కుంచెతో సన్నని అడ్డగీతలు అల్లుతారు. వాయవ్యాన కింబర్లీలో వాంజినా అనే పూర్వీక శక్తుల నోరు లేని ముఖాలు ఉంటాయి. టోరెస్ జలసంధి ద్వీపవాసులు అబోరిజినల్ ప్రజలకంటే వేరైన జనం. వారి తాబేటి చిప్ప ముసుగులు, లినోలియం అచ్చుచిత్రాలు మరో లోకం. నేనుండే ఆస్ట్రేలియా ఆగ్నేయ ప్రాంతంలో డాళ్లమీద చెక్కిన వజ్రాకృతులు, సమాంతర రేఖలు కనిపిస్తాయి. మెల్‌బోర్న్ ప్రాంతపు వురుండ్జెరి ప్రజల పెద్ద, 1903లో మరణించిన విలియం బరాక్ కాగితంమీద క్రతువులను, పోసమ్ అనే చెట్లమీద తిరిగే చిన్న జంతువు చర్మపు దుప్పట్లు కప్పుకున్న మనుషులను గీశారు. ఇక్కడి కళాకారులను పట్టుకుని "చుక్కలేవీ?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న వాళ్లను ఎంతగా నొప్పిస్తుందో నేను చూశాను.

అపోహ: పాత పద్ధతిలో, పాత సామగ్రితో చేసిందే అసలైనది.

ఈ కొలత పెడితే ఆల్బర్ట్ నమత్‌జీరా (1902-1959) నీటిరంగుల చిత్రాలు లెక్కలోకి రావు. ఆయన జీవించి ఉండగానే పాశ్చాత్య అనుకరణ అని కొందరు తీసిపారేశారు. ఆయన గీసినవి మాత్రం తన అరెర్న్‌టె పూర్వీకుల కొండలు, చెట్లు. మధ్య ఎడారిలోని యుటోపియా అనే ప్రాంతపు ఎమిలీ కామ్ ఉంగ్వారే కాన్వాసు పట్టుకోకముందు సుమారు పదేళ్లు బాతిక్, అంటే బట్టమీద మైనంతో గీసి రంగు వేసే అద్దకం, చేశారు. బాతిక్ ఆమె ఊరి విద్య కాదు. అయినా ఆ మైనం గీతల్లోంచే ఆమె తర్వాతి చిత్రాలు పుట్టాయి.

తెగిపోయిన పోగును మళ్లీ పట్టుకున్న కథ కూడా ఒకటి చెప్పాలి. యోర్టా యోర్టా ప్రజల 1853 నాటి పోసమ్ చర్మపు దుప్పటి ఒకటి, గుండిజ్‌మారా ప్రజల 1872 నాటిది ఒకటి మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉన్నాయి. 1999లో విక్కీ కౌజెన్స్, డెబ్రా కౌజెన్స్, లీ డరోక్, ట్రీనా హామ్ అనే నలుగురు అబోరిజినల్ కళాకారిణులు వాటిని దగ్గరగా చూసి, వాటిలాంటివి మళ్లీ తయారు చేయడానికి పూనుకున్నారు. ఆస్ట్రేలియాలో పోసమ్‌లు రక్షిత జంతువులు కాబట్టి చర్మాలు న్యూజిలాండ్ నుంచి వస్తాయి, అక్కడ అవి అడవులకు చేటు చేసే జీవాలు. 2006 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో విక్టోరియా పెద్దలు కొత్త దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. చర్మం వేరే దేశానిదని ఆ దుప్పట్లను నకిలీ అనగలమా?

అపోహ: చిత్రం కళ, బుట్ట చేతిపని.

ఈ విభజన గ్యాలరీలు చేసిందే, మా రంగం దీన్ని చాలాకాలం మోసింది. 2005లో అబోరిజినల్, టోరెస్ జలసంధి ద్వీపవాసుల జాతీయ కళా పురస్కారం గెలిచింది గడ్డితో అల్లిన నిలువెత్తు టయోటా వాహనం. పాపులన్‌కుట్జ అనే ఎడారి ఊరి మహిళలు చేశారు దాన్ని. ఎడారి మహిళల మండలి ఆధ్వర్యంలో 1995లో బుట్టల అల్లిక శిక్షణగా మొదలైన 'చాన్పి'లో వాళ్లు సభ్యులు. 1997లో ఇటలీలోని అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలెలో ఆస్ట్రేలియా తరఫున నిలిచిన ముగ్గురిలో ఇవాన్ కూల్‌మాట్రీ ఒకరు. నది ఒడ్డున దొరికే తుంగతో ఆమె చేపల బుట్టలు అల్లుతారు.

పనివాడిగా ఒక మాట. కాన్వాసుకంటే బుట్టే మాకు ఎక్కువ శ్రమ పెడుతుంది. రాగానే గాలి చొరకుండా చుట్టి, పురుగు చచ్చేలా ఫ్రీజర్‌లో ఉంచాలి. సహజ రంగులు వెలిసిపోకుండా మసక వెలుతురులోనే చూపాలి. గదిలో చీకటిగా ఉందని సందర్శకులు విసుక్కుంటారు, దయచేసి ఓర్చుకోండి.

అపోహ: కథ తెలిస్తే ఎవరైనా గీయవచ్చు, గ్యాలరీ అర్థమంతా చెప్పాలి.

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక గాథ ఒక వంశానికి, ఒక నేలకు చెందినది. దాన్ని చిత్రించే హక్కు పుట్టుకతోనో, పెద్దల అనుమతితోనో వస్తుంది. యోర్టా యోర్టా చిత్రకారుడు లిన్ ఓనస్ తన చిత్రాల్లో ఆర్నెమ్ ల్యాండ్ అడ్డగీతలు వాడారు. ఆ ప్రాంతపు పెద్ద జాక్ వునువున్ ఆయన్ను తన కుటుంబంలో చేర్చుకుని అనుమతి ఇచ్చాకే వాడారు.

అనుమతి లేకుండా వాడిన చరిత్ర పెద్దది. 1966లో వచ్చిన ఒక డాలరు నోటుమీద డేవిడ్ మలంగి బెరడు చిత్రాన్ని ఆయనకు తెలియకుండానే ముద్రించారు. విషయం బయటపడ్డాక వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామగ్రి ఇచ్చారు. ఆ తర్వాత వియత్నాంలో నేయించిన తివాచీలమీద పలువురు కళాకారుల చిత్రాలు కనిపించాయి. తాను కాపాడవలసిన పవిత్రస్థల చిత్రాన్ని జనం కాళ్లతో తొక్కుతారన్న బాధతో చిత్రకారిణి బండుక్ మరికా మరికొందరితో కలిసి కోర్టుకెక్కారు. 1994లో ఫెడరల్ కోర్టు కళాకారుల పక్షాన తీర్పు చెప్పింది.

అందుకే మా వివరణ పలకమీద కొన్నిసార్లు రెండే వాక్యాలుంటాయి. మిగతాది చెప్పే హక్కు మాకు లేదు. కళాకారుడు మరణిస్తే కుటుంబాన్ని అడిగి, వారు కోరితే పేరును, ఫొటోను కొంతకాలం తొలగిస్తాం. మరణించినవారి పేరు పలకకూడదన్న ఆచారం చాలా సముదాయాల్లో ఉంది. "ఇంకా వివరంగా రాయాల్సింది" అని ఫిర్యాదు చేసేవారితో నేను ఏకీభవించను. అడగడం మన ఇష్టం, చెప్పడం వాళ్ల ఇష్టం.

అపోహ: దుకాణంలో ఏది కొన్నా కళాకారులకు మేలే.

ఆస్ట్రేలియా ప్రభుత్వ సలహా సంస్థ అయిన ఉత్పాదకతా కమిషన్ 2022 నివేదిక ప్రకారం, అబోరిజినల్ శైలిలో అమ్ముడయ్యే జ్ఞాపికల్లో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా అసలైనవి కావు. ఇండోనేషియాలో తయారైన బూమరాంగులను అబోరిజినల్ ప్రజల చేతిపనిగా నమ్మించి అమ్మిన సంస్థకు 2019లో కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అచ్చు యంత్రంలో కొట్టిన చీరను శ్రీకాళహస్తి కలంకారీ అని అంటగడితే మనకెంత మండుతుందో, వాళ్లకూ అంతే.

అసలు చిత్రం కొన్నా డబ్బు కళాకారుడికి చేరని రోజులున్నాయి. జానీ వరంగుల 1972లో దాదాపు 150 డాలర్లకు అమ్ముకున్న చిత్రం 1997లో రెండు లక్షలకు పైగా పలికింది. అప్పటి చట్టప్రకారం ఆయనకు అందులో పైసా రాలేదు. ఇలాంటి అన్యాయాలమీద రేగిన వాదోపవాదాల తర్వాతే 2009లో చట్టం వచ్చింది. వెయ్యి డాలర్లు, అంతకు మించిన మళ్లీ అమ్మకాల్లో 5 శాతం కళాకారుడికి దక్కాలన్న నియమం 2010 జూన్ నుంచి అమల్లో ఉంది.

కొనేటప్పుడు అడగవలసినవి ఇవి: కళాకారుడి పేరు, ఏ సముదాయం, ఏ కళాకేంద్రం నుంచి వచ్చింది, అమ్మిన ధరలో ఆయనకో ఆమెకో ఎంత చేరుతుంది. నిజాయితీ గల అమ్మకందారు వీటికి విసుక్కోడు. మా ప్రాంతంలోని షెపర్టన్ పట్టణం వైపు వస్తే అక్కడి ఆర్ట్ మ్యూజియం భవనంలోనే కైయెలా ఆర్ట్స్ అనే అబోరిజినల్ కళాకేంద్రం ఉంది. ఏదైనా కొనాలనుకుంటే ముందు అక్కడికి వెళ్లండి.