మతిమరుపు కంటే ముందే మెదడులో గార

1901 నవంబరు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఔగుస్టె డీటర్ అనే 51 ఏళ్ల మహిళ భోజనం చేస్తోంది. పళ్లెంలో పంది మాంసం, కాలీఫ్లవర్ ఉన్నాయి. ఏం తింటున్నారని డాక్టర్ అలోయిస్ అల్జీమర్ అడిగితే ‘పాలకూర’ అంది. ఆ జవాబు వెనక మెదడులో ఏముందో ఆయనకు కనిపించింది 1906లో, ఆమె పోయాక. మైక్రోస్కోప్ కింద ప్రొటీన్ గార, కణాల్లో చిక్కుపడ్డ పోగులు.

ఆ తర్వాత దాదాపు వందేళ్లపాటు ఇదే తంతు. బతికున్నవాళ్లకు ‘అల్జీమర్స్ అయి ఉండొచ్చు’ అనేవారు, ఖాయం చేసేది పోస్ట్‌మార్టమే. సీటీ, ఎంఆర్‌ఐ వచ్చాక కుంచించుకుపోయిన మెదడు కనిపించింది గానీ, కుంచించుకుపోయిందంటేనే కణాలు పోయినట్టు.

దారి దొరికింది ఒక రంగులో. కోసిన మెదడు ముక్కల్లో ఆ ప్రొటీన్ (పేరు అమిలాయిడ్) గార కనిపించడానికి థయోఫ్లేవిన్ అనే రంగు వాడతారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ ఆ అణువునే మార్చి, రక్తంలోంచి మెదడులోకి వెళ్లి గారకు అతుక్కునేలా చేశారు. స్కానర్‌కు కనబడాలని రేడియోధార్మిక కార్బన్-11 తగిలించారు. 2002 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని ఉప్సలాలో తొలిసారి ఒక రోగికి ఎక్కించి పెట్ స్కాన్ తీశారు. బతికున్న మనిషి మెదడులో గార వెలిగి కనిపించింది.

చిక్కల్లా కార్బన్-11తోనే. 20 నిమిషాలకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. పెనం మీంచి నేరుగా విస్తట్లో పడాల్సిన దోసె లాంటిది, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ అనే యంత్రం దగ్గర్లోనే ఉండాలి. సగానికి తగ్గడానికి 110 నిమిషాలు పట్టే ఫ్లోరిన్-18 వాడిన ఫ్లోర్‌బెటాపిర్ అనే స్కాన్ మందుకు 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చాకే, ఈ స్కాన్ మామూలు ఆసుపత్రుల దాకా రాగలిగింది.

ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. లెక్కలు తప్పుల్లేకుండా చెప్పే, మతిమరుపు లేని పెద్దవాళ్లలో కూడా చాలామందికి గార ఉంది! మతిమరుపు బయటపడడానికి 15, 20 ఏళ్ల ముందే అది పేరుకోవడం మొదలవుతుందని తేలింది. పేరుకున్న ప్రతివాళ్లకీ మతిమరుపు వస్తుందని మాత్రం కాదు. నన్నడిగితే, ఈ స్కాన్‌ను జాతకంలా చదవడం పొరపాటు.

పైగా చాలాకాలం చూడడమే తప్ప చేయగలిగింది లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2013లో ఈ స్కాన్‌కు పరిశోధనల్లో పాల్గొనేవారికే, అదీ ఒక్కసారే డబ్బిస్తానంది. గారను తొలగించే లెకానెమాబ్ అనే మందుకు 2023 జులైలో పూర్తి అనుమతి దొరికింది. అది ఇవ్వాలంటే గార ఉన్నట్టు ముందు రుజువు కావాలి. ఆ అక్టోబరులోనే మెడికేర్ తన ఆంక్ష ఎత్తేసింది. గార ఉండి, జ్ఞాపకశక్తి ఇంకా చెక్కుచెదరని వాళ్లకు మాత్రం ఆ మందుకు అనుమతి ఇవ్వలేదు.